మేకకు ఒక బండ వేయండి



ఈ పూట మేక కాళ్ళ గురించి మాట్లాడుకుందాం. పశువుల ఆసుపత్రికి మేకను తెచ్చినవాళ్ళు పారుడు రోగం గురించి అడుగుతారు, చిటుకు రోగం టీకా గురించి అడుగుతారు, నట్టల మందు గురించి అడుగుతారు. గిట్టల గురించి అడిగేవాళ్ళు చాలా తక్కువ. మేక కుంటడం మొదలుపెట్టాకే కాలి వైపు చూస్తాం. అప్పటికి గిట్ట పెరిగిపోయి, ముందుకు సాగి, పక్కకి వంగిపోయి ఉంటుంది.

నేను మాట్లాడేది మందల గురించి కాదండీ. ఇంట్లో ఒకటో రెండో పెంచుకునే మేకల గురించి. పిల్లలు ముచ్చటపడితే కొన్నవి ఉంటాయి. ఇంటి పాల కోసం ఉంచుకున్నవి ఉంటాయి. ఈమధ్య పట్నాల్లో కూడా బార్బరీ, జమునాపారి జాతుల మేకల్ని ప్రేమగా పెంచుకుంటున్నారు. పేరు పెట్టి పిలుస్తారు. మెడలో గంట కడతారు. కడుపునిండా పెడతారు. ఇంత బాగా చూసుకునే మేకలకే గిట్టల బాధ ఎక్కువ. ఎందుకో చెప్తాను.

ముందు మందలో తిరిగే మేకను చూడండి. పొద్దెక్కగానే దొడ్డి లోంచి బయటపడుతుంది. కంకర బాట పట్టి నడుస్తుంది. గుట్ట ఎక్కుతుంది. వాగు దిగుతుంది. రాయి మీద ముందుకాళ్ళు పెట్టి తుమ్మ కొమ్మ అందుకుంటుంది. సాయంత్రం దాకా ఇదే పని. గిట్ట ఎంత పెరుగుతుందో అంతా ఆ రాళ్ళ మీదే అరిగిపోతుంది. అందుకే ఎండాకాలం గుట్టల్లో మేపే కాపరికి గిట్టల కత్తెరతో పెద్దగా పని పడదు.

ఇప్పుడు ఇంటి మేకను చూడండి. వేపచెట్టు కింద గుంజకు కట్టేసి ఉంటుంది. తాడు ఆరడుగులు. అవిశ రెమ్మలు మూతి దగ్గరికే వస్తాయి. నీళ్ళ బకెట్ పక్కనే ఉంటుంది. కాళ్ళ కింద మెత్తటి మట్టి. బోరింగు దగ్గర కట్టేస్తే ఆ మట్టి కూడా బురదే. ఈ మేక రోజంతా కలిపి ఎంత దూరం నడుస్తుంది? ఎక్కడ ఎక్కుతుంది? దేని మీద గీరుకుంటుంది? ఎక్కడా లేదు. కానీ గిట్ట పెరగడం మాత్రం ఆగదు.

గిట్ట నెలకు దాదాపు అర సెంటీమీటరు పెరుగుతుంది. ఆరు నెలలు అరగకుండా ఉండిపోతే మూడు సెంటీమీటర్లు. అంటే రెండు వేళ్ళ వెడల్పు అదనంగా పెరిగినట్టే. మేత బాగా ఉన్న మేకకు ఇంకాస్త తొందరగా పెరుగుతుంది. అందుకే నా మాట ఒక్కటే. ఇంటి మేకకు ఒక బండ వేయండి. రోజూ ఎక్కి దిగడానికి గరుకైన రాతి బండ. ఈ ప్రసంగంలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఫరవాలేదు, ఈ బండ ఒక్కటి గుర్తుంచుకోండి.

బండ ఎందుకంటే, మేక కొండ జంతువు కాబట్టి. ఈనాటి మేకల పూర్వీకులు పశ్చిమాసియా కొండల్లో తిరిగిన అడవి మేకలు. ఇప్పటి ఇరాన్‌లో ఉన్న జాగ్రోస్ పర్వతాల వైపు మనిషి వాటిని మచ్చిక చేసుకుని దాదాపు 10,000 ఏళ్ళు అయింది. ఇన్ని వేల ఏళ్ళు మన వాకిట్లో ఉన్నా మేక కాలు మాత్రం ఇంకా కొండకు తగినట్టే ఉంది. ఒక్కో కాలికి రెండు గిట్టలు. చుట్టూ గట్టి అంచు. లోపల కాస్త మెత్తటి అడుగు. వెనకాల మడమ వైపు ఇంకా మెత్తన. రాతి మీద కాలు వేసినప్పుడు రెండు గిట్టలూ కొంచెం విడిపోతాయి. అంచు రాయిని పట్టుకుంటుంది. మెత్తటి భాగం జారకుండా ఆపుతుంది. ఆ గట్టి అంచు రాయికి రోజూ రాసుకుని అరగాలి. అరుగుతుందన్న లెక్కతోనే అంత వేగంగా పెరుగుతుంది. దాన్ని తెచ్చి మెత్తటి నేల మీద నిలబెడితే ఆ లెక్క తప్పుతుంది.

అరగని గిట్ట ఏమవుతుందో చెప్తాను వినండి. చుట్టూ ఉన్న అంచు కిందికి సాగుతుంది. కొన్నాళ్ళకు లోపలికి మడుచుకుని అడుగు భాగం మీద మూతపడుతుంది. ఆ మడత లోపల పెంట, మట్టి, తడి ఇరుక్కుంటాయి. గాలి తగలదు. గాలి తగలని చోట, తడి ఆరని చోట, కుళ్ళు పుట్టించే సూక్ష్మజీవులు హాయిగా పెరుగుతాయి. ఇంకోపక్క గిట్ట ముక్కు ముందుకు పొడుగవుతుంది. అప్పుడు బరువంతా మడమ మీదికి పోతుంది. ఒక పక్క మడమ అరిగిన చెప్పు వేసుకుని నాలుగు రోజులు తిరిగి చూడండి. ముందు పాదం నొస్తుంది, తర్వాత మోకాలు, ఆ తర్వాత నడుము పట్టేస్తుంది. మేకకూ అదే జరుగుతుంది. తేడా ఏమిటంటే మనం చెప్పు విప్పి పక్కన పెట్టగలం.

మేక నోరు తెరిచి చెప్పదు కానీ చూస్తే తెలుస్తుంది. మేత దగ్గరికి అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది. ఎక్కువసేపు పడుకునే ఉంటుంది. ఒక్కో మేక ముందుకాళ్ళు మడుచుకుని, మోకాళ్ళ మీద నిలబడి మేస్తుంది. చూసినవాళ్ళు ముచ్చటపడి నవ్వుతారు. నవ్వకండి. అది కాలు నొప్పి. మోకాలి మీద వెంట్రుకలు ఊడి, తోలు మొద్దుబారి ఉంటే ఆ నొప్పి చాలా రోజులుగా ఉందని అర్థం.

ఇప్పుడు బండ సంగతికి వద్దాం. ఎలాంటి బండ? గరుకైనది. మన దగ్గర నల్లరాతికి, గ్రానైటుకు కొదవ లేదు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన పునాది రాళ్ళు పనికొస్తాయి. పాత సిమెంటు దిమ్మెలు పనికొస్తాయి. అరుగు పోసుకోదలిస్తే సిమెంటు తడిగా ఉన్నప్పుడే పైన చీపురుతో గీతలు పడేలా ఈడ్చండి. ఆరాక గరుకుగా ఉంటుంది. కడప బండలు, షాబాదు బండలు నున్నగా ఉంటాయి. వానకు తడిస్తే జారతాయి. వాటి మీద గిట్ట అరగదు సరికదా, కాలు విరిగే ప్రమాదం ఉంది. టైల్సు మాట అసలు వద్దు.

ఎంత ఎత్తు? మన మోకాలి ఎత్తు చాలు. పైన మేక నిలబడి వెనక్కి తిరిగేంత చోటు ఉండాలి. రెండు మేకలుంటే ఇంకాస్త పెద్దది, లేకపోతే పెద్దది చిన్నదాన్ని పొడిచి కిందికి తోసేస్తుంది. రాళ్ళు పేర్చినప్పుడు ఒక్కటీ కదలకూడదు. మీరు ఎక్కి నిలబడి, అటూ ఇటూ ఊగి చూడండి. మీ బరువుకు కదలకపోతే మేక బరువుకు కదలదు. రాళ్ళ మధ్య సందుల్లో మేక కాలు దిగబడే ఖాళీ ఉంటే సిమెంటు పెట్టి మూసేయండి. చిన్న కంకర మాత్రం పోయకండి. అది రెండు గిట్టల మధ్య ఇరుక్కుని పుండు చేస్తుంది.

బండ వేశాం, మేక ఎక్కడం లేదు అంటారు కొందరు. ఎక్కాల్సిన పని కల్పించాలి కదా! మేత కట్టను బండ పక్కన, కొంచెం పైకి వేలాడదీయండి. సుబాబుల్ రెమ్మలో, రావి మండలో, వేప కొమ్మో, ముందుకాళ్ళు బండ మీద పెడితే తప్ప అందనంత ఎత్తులో కట్టండి. నీళ్ళ తొట్టిని ఈ చివర నుంచి ఆ చివరకు మార్చండి. ఉప్పు ఇటుక ఉంటే మూడో చోట కట్టండి. తినేది ఒక చోట, తాగేది ఒక చోట, పడుకునేది ఒక చోట. మధ్యలో బండ. అప్పుడు మేక తన పని తాను చేసుకుంటూనే రోజుకు ఎన్నోసార్లు రాతి మీద నడుస్తుంది. మీరు దగ్గరుండి తిప్పక్కర్లేదు. నీళ్ళ తొట్టి చుట్టూ నేల ఎప్పుడూ చిత్తడిగా ఉంటుంది కాబట్టి అక్కడ కూడా నాలుగు గరుకు రాళ్ళు పరవండి. అరుగుదలకు అరుగుదల, పొడికి పొడి.

ఇక్కడ ఒక హెచ్చరిక. దయచేసి శ్రద్ధగా వినండి. తాడుతో కట్టేసిన మేక పక్కన ఎత్తైన బండ పెట్టకండి. మేక పైకి ఎక్కి అవతలి పక్కకు దూకితే తాడు చాలక మెడకు ఉరి పడుతుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఇలా జరిగితే ప్రాణం పోతుంది. కంచె వేసిన చిన్న దొడ్డిలో తాడు లేకుండా వదిలితేనే బండ కట్టండి. కట్టేయక తప్పని ఇంట్లో ఎత్తు వద్దు. నేలకు సమానంగా గరుకు రాళ్ళు పరిచి, దాని మీద తిరిగేలా కట్టండి. పొద్దున, సాయంత్రం తాడు పట్టుకుని కంకర బాట మీద కాసేపు నడిపించండి. బండను ప్రహరీ గోడకు ఆనించి కూడా కట్టకండి. మేక గోడ దూకుతుంది. మేడ మీద పెంచుకునేవాళ్ళు పిట్టగోడకు బాగా దూరంగా పెట్టాలి. ఇంకొక సంగతి. మే నెల ఎండకు రాయి కాలిపోతుంది. చెట్టు నీడ పడే చోట బండ వేసుకోండి.

సరే, బండ వేశాం. ఇంక గిట్టలు చూడక్కర్లేదా? చూడాలి. బండ మీద గిట్ట ముక్కు బాగా అరుగుతుంది. పక్క అంచులు, రెండు గిట్టల మధ్య ఎదురెదురుగా ఉండే లోపలి అంచులు అంతగా అరగవు. వెనకకాళ్ళు ఒక్కోసారి ముందుకాళ్ళంత అరగవు. వయసు మళ్ళిన మేక ఎక్కడం తగ్గిస్తుంది. చూడి మేక కూడా అంతే. కాబట్టి బండ వల్ల కత్తిరింపు తగ్గుతుంది, పూర్తిగా పోదు. బొత్తిగా కదలని మేకకు ఆరు వారాల నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి కత్తిరించాల్సి వస్తుంది. బండ ఉన్న మేకకు ఎప్పుడు కావాలో గిట్టను చూసి నిర్ణయించుకోవాలి. తేదీ చూసి కాదు.

గిట్టను ఎలా చూడాలి? మేకను గోడకు ఒక పక్కగా ఆనించి నిలబెట్టండి. ఇంకొకరు మెడపట్టీ పట్టుకుని, నాలుగు కంది గింజలో, ఆకులో చేతిలో పెట్టి మరిపించాలి. కాలిని పక్కకు లాగకండి. కాలు సహజంగా ఎటు మడుచుకుంటుందో అటే మడిచి, కొంచెమే పైకెత్తండి. మొదట కనపడేది మురికే. వేపపుల్లతో నెమ్మదిగా గీకండి. పెంటికలు, మట్టి ఒక ముద్దగా ఊడి వస్తాయి. ఆ ముద్దను ముక్కు దగ్గర పెట్టుకోండి. మామూలు పెంట వాసన వస్తే ఫరవాలేదు. చచ్చిన ఎలుక కంపు కొడితే లోపల కుళ్ళు మొదలైంది. తర్వాత అంచు చూడండి. తెల్లగానో నల్లగానో ఒక రేకు అడుగు మీదికి మడిచి ఉందా? వేలితో ఎత్తితే లేస్తుందా? ఆ రేకు చచ్చిన గోరే. అందులో నొప్పి ఉండదు. అది తీసేయాలి. ఆ తర్వాత రెండు గిట్టల మధ్య వేలు పెట్టి చూడండి. చర్మం పొడిగా, చల్లగా ఉండాలి. ఎర్రగా, వేడిగా, చెమ్మగా ఉంటే బాగోలేదు. తుమ్మ ముల్లు, పల్లేరు కాయ అక్కడే దాక్కుంటాయి.

కత్తిరించడానికి గిట్టల కత్తెరలు దొరుకుతాయి. లేకపోతే తోటపనిలో కొమ్మలు కత్తిరించే పదునైన కత్తెర చాలు. ముందు మడిచిన రేకు తీయండి. తర్వాత పొడుగైన ముక్కు. కొంచెం కొంచెంగా తీయాలి. గిట్ట మొదట్లో, వెంట్రుకలు ఆగిపోయే చోట ఒక గీత కనపడుతుంది. గిట్ట అడుగు ఆ గీతకు సమాంతరంగా రావాలి. అదే కొలత. తీస్తుండగా అడుగున లేత గులాబీ రంగు కనపడితే అక్కడే ఆపేయండి. ఇంకొక్క పొర తీసినా రక్తం వస్తుంది. ఒకవేళ వస్తే కంగారు పడొద్దు. శుభ్రమైన గుడ్డతో కాసేపు గట్టిగా అదిమి పట్టి, టింక్చర్ అయోడిన్ రాసి, పొడి చోట కట్టేయండి. ధనుర్వాతం టీకా సంగతి పశువైద్యుణ్ణి అడగండి. చాలా పొడుగు పెరిగిన గిట్టను ఒక్కరోజే సరిచేయాలని చూడకండి. రెండు మూడు వారాల ఎడంతో కొంచెం కొంచెంగా దారికి తెచ్చుకోవాలి. ఈనే నెలలో ఉన్న మేకను పట్టి, మడిచి, హైరానా పెట్టొద్దు. ముందే చేసేయాలి, లేదా ఈనాక చేయాలి. వాన పడ్డాక గిట్ట నాని మెత్తబడుతుంది, కత్తెరకు సులువుగా తెగుతుంది. ఎండాకాలంలో రాయిలా బిగుస్తుంది. అప్పుడు ముందుగా తడి గోనెపట్టా మీద కాసేపు నిలబెట్టండి.

వానాకాలం సంగతి విడిగా చెప్పాలి. మనకు గిట్టల జబ్బులు ఎక్కువగా వచ్చేది అప్పుడే. నేల తడిగా ఉంటే గిట్టల మధ్య చర్మం నానిపోతుంది. నానిన చర్మం లోంచి సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. అదే గిట్టల కుళ్ళు. ఒక మేక నుంచి ఇంకో మేకకు అంటుకుంటుంది. కాబట్టి రాత్రి పడుకునే చోటు పొడిగా ఉండాలి. స్థోమత ఉంటే చెక్క పట్టీలతో మంచె వేయండి. పెంటికలు, మూత్రం సందుల్లోంచి కిందికి పోతాయి. పట్టీల మధ్య సందు సెంటీమీటరు, సెంటీమీటరున్నర మించకూడదు. లేకపోతే కాలు ఇరుక్కుంటుంది. మంచె మీద నేల పొడిగా ఉంటుంది, గిట్ట కుళ్ళదు, నిజమే. కానీ మంచె మీద గిట్ట అరగదు కూడా. ఇది చాలామంది గమనించరు. మంచె వేసినవాళ్ళు బండ తప్పకుండా వేయాలి.

వానాకాలంలో జింక్ సల్ఫేట్ నీళ్ళు మంచి పని చేస్తాయి. వరికి జింకు లోపం వస్తే వేస్తామే, ఆ జింక్ సల్ఫేటే. ఎరువుల దుకాణంలో దొరుకుతుంది. పది లీటర్ల నీళ్ళలో కిలో కలపండి. మళ్ళీ చెప్తున్నాను, పది లీటర్లకు కిలో. వెడల్పాటి టబ్బులో గిట్ట మునిగేంత పోసి, అందులో మేకను పావుగంట నిలబెట్టండి. ముందు గిట్టల మురికి కడిగేయాలి, లేకపోతే మందు లోపలికి పట్టదు. తీశాక గిట్టలు ఆరేదాకా పొడి నేల మీద ఉంచండి. ఆ నీళ్ళు మేక తాగకూడదు. కాబట్టి ముందు మామూలు నీళ్ళు కడుపునిండా తాగించి, తర్వాత టబ్బులోకి దించండి. కొందరు మైలుతుత్తం వాడతారు. అది కడుపులోకి పోతే విషం. ఇంటి మేకలకు జింక్ సల్ఫేటే మేలు.

కుళ్ళు పట్టిన గిట్టను కత్తితో లోతుగా చెక్కేయడం మన దగ్గర అలవాటు. అది మానుకోవాలి. గిట్టల కుళ్ళు ఉన్న గొర్రెల మీద బ్రిటన్‌లో చేసిన పరిశోధనల్లో, అప్పుడు గిట్ట చెక్కితే మానడం ఆలస్యమవుతుందని తేలింది. మందు వేయించండి. పుండు మానాక కత్తిరింపు. జబ్బు మేకను విడిగా కట్టేయండి. దానికి వాడిన కత్తెరను కడిగి, స్పిరిట్‌తో తుడిచాకే ఇంకో మేకకు వాడండి.

ప్రతి కుంటూ గిట్టల కుళ్ళు కాదు, అది కూడా గుర్తుంచుకోండి. మేక ఉన్నట్టుండి కుంటుతూ, నోట్లో పొక్కులు, చొంగ, జ్వరం ఉంటే అది గాలికుంటు కావచ్చు. ఇంకొకటుంది. పెళ్ళి ఇంట్లో మిగిలిన అన్నం, నూకలు, జొన్నలు ప్రేమ కొద్దీ గంపెడు పెట్టేస్తారు. మేక కడుపులో అది పులిసిపోతుంది. కడుపు ఉబ్బుతుంది. బతికి బయటపడ్డా ఆ ప్రభావం గిట్టల లోపలి పొరకు తగులుతుంది. గిట్టలు వేడెక్కుతాయి, మేక అడుగు తీసి అడుగు వేయలేదు. తర్వాత పెరిగే గిట్ట వంకరగా వస్తుంది. దాన్ని ఏ బండా సరిచేయలేదు. కాబట్టి మేకకు ఆకు, రొట్ట, వేరుశనగ కట్టె, చిటికెడు ఖనిజ లవణ మిశ్రమం. అన్నం వద్దు. కాలు నేల మీద మోపలేకపోతున్నా, వాపు ఉన్నా, పురుగులు పడినా ఆలస్యం చేయకుండా పశువైద్యశాలకు తీసుకుపోండి. కదలలేని మేకకైతే 1962కు ఫోను చేయండి. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ సంచార పశువైద్య వాహనం నంబరు అదే.

మీ ఇంట్లో మేక ఈనిందనుకోండి. అప్పుడే పుట్టిన పిల్ల గిట్టల కింద చూడండి. కొసల్లో పసుప్పచ్చగా, మెత్తగా ఒక పొర ఉంటుంది. తల్లి కడుపులో గీరుకోకుండా ప్రకృతి తొడిగిన తొడుగు అది. పిల్ల లేచి నడవడం మొదలుపెట్టాక దానంతట అదే రాలిపోతుంది. పీకకండి. వారం దాటిన దగ్గర్నుంచి ఆ పిల్లకు కాలు పట్టించుకోవడం అలవాటు చేయండి. రోజూ ఒళ్ళో కూర్చోబెట్టుకున్నప్పుడు నాలుగు కాళ్ళూ ఒకసారి పట్టుకుని, గిట్టల మధ్య వేలు పెట్టి నిమిరి వదిలేయండి. ఈ పని ఇంట్లో పిల్లలకు అప్పగించండి, ఇష్టంగా చేస్తారు. నెల దాటాక చిన్న బండ ఒకటి, జానెడు ఎత్తుది, దాని ముందు పెట్టండి. ఎక్కడం ఎవరూ నేర్పక్కర్లేదు. అలా పెరిగిన మేక, పెద్దయ్యాక మీరు కత్తెర పట్టుకుని కూర్చుంటే, తన్నకుండా కాలు ఇస్తుంది.